కాకెంగిలి జామకాయ

బుధవారం రాత్రి, జగ్గయ్యపేట

మూడో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. అందరికీ అదే ఫ్లూ జ్వరం. మిగిలినవాళ్లకైనా అంటకూడదని నిన్న పొద్దున్నే గట్టిగా చెప్పాను, ఒకరి గ్లాసు ఒకరు ముట్టుకోవద్దని, ఎంగిలి తినొద్దని.

ఇంటర్వెల్లో చూద్దును కదా, సునీత జామకాయను గౌను అంచులో చుట్టి కొరికి, ఆ ముక్క మా అమ్మాయి చిన్నికి పెడుతోంది! అరిచాను.

"ఎంగిలి కాదు టీచర్, కాకెంగిలే!" అంది సునీత, అదే గౌను అంచుతో ముక్కు తుడుచుకుంటూ. చిన్ని అప్పటికే మింగేసింది.

బట్ట అడ్డం పెట్టి కొరికితే ఎంగిలి అంటదని మేమందరం అలాగే పెరిగాం. అది కూడా వద్దని చెప్పాలని నాకే తోచలేదు.

ఈ రోజు సునీత బడికి రాలేదు. వాళ్ల నాన్న గేటు దగ్గరకొచ్చి, "పిల్ల ఒళ్లు కాలిపోతందండి. నందిగామ ఆసుపత్రికి తీసుకెళ్తన్నా. ఏం కాదు కదండీ టీచర్ గారూ?" అన్నాడు. ఏం కాదన్నాను.

ఇందాకటి నుంచి చిన్ని నుదురు తడిమి చూస్తూనే ఉన్నాను. అది వెచ్చబడిందో, నా చేతులే చల్లబడ్డాయో తెలియడం లేదు.

"అబ్బా, పడుకోనీమ్మా!" అని విసుక్కుంది.

గొంతు బొంగురుగా ఉంది. నిద్రమత్తే అయ్యుంటుంది.