పెట్టె తొక్కినవాళ్ళు పోతున్నారు

‘పాతాళ పహరా’ ఆట తయారుచేసిన కంపెనీ వారికి,

పెద్దాసుపత్రి ఎముకల వార్డు హెడ్ నర్సు నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే ఇది ఎముకల వార్డు, అబద్ధమవుతుంది. మీరక్కడ క్షేమమని తలుస్తాను.

మా వార్డులో తుంటి విరిగిన పెద్దవాళ్ళు ఎక్కువ. ఆపరేషన్ అయ్యాక నడిస్తేనే కాలు నిలబడుతుంది. వీళ్ళేమో మంచం దిగమంటే, ఇల్లు రాసిమ్మన్నట్టు చూస్తారు. కనీసం వేళ్ళయినా కదులుతాయని, కసరత్తులు చేయించే అమ్మాయి వాళ్ళింట్లో అటక మీదున్న పాత కంప్యూటర్ తెచ్చి పెట్టింది. అందులో ఉన్నది మీ ఆట ఒక్కటే.

నేనూ చూశాను. మనిషి కనపడడు, తుపాకీ పట్టుకున్న చెయ్యి కనపడుతుంది. చీకటి సందుల్లోంచి రాక్షసులు వచ్చి మీద పడుతుంటారు, ఈ చెయ్యి కాలుస్తుంటుంది. అది మీ ఇష్టం. నా సందేహం వేరే. ఒళ్ళంతా తూట్లు పడి, ఇక అయిపోయాడనుకున్నవాడు నేల మీదున్న ఎర్రగుర్తు తెల్లపెట్టె తొక్కగానే చెంగున లేచి పరిగెడుతున్నాడు! నా ఉద్యోగంలో అలాంటి మందు చూడలేదు. మా టైలరు గారు మాత్రలు మింగనని మొరాయిస్తున్నారు. “సిస్టర్, ఆ పెట్టె తెప్పించండి. తొక్కేసి పోతా” అంటున్నారు. ఆ పెట్టెలో ఏముందో దయచేసి తెలపగలరు.

ఇట్లు,
హెడ్ నర్సు

తా.క.: నాలుగో రాక్షసుడికి దవడ తొలగింది. ఎవరైనా సరిచేస్తే పాపం అంతలా అరవడు.

* * *

గౌరవనీయులైన నర్సు గారికి,

ఫిర్యాదుల విభాగం అధికారి వినయంగా విన్నవించుకునేది. మీ ఫిర్యాదు అందింది. మీ ఆవేదన అర్థమైంది.

మా ఆట వచ్చిన కొత్తలో తల్లుల సంఘాలవారు ఊరేగింపులు తీశారు. చట్టసభలో పెద్దలు బల్లలు గుద్దారు. కూడలిలో మా ఆట డబ్బాలు కుప్పపోసి తగలబెట్టారు. ఏ పిల్లవాడు పక్కవాణ్ణి గిల్లినా మా ఆటే కారణమన్నారు. చివరికి చదువుకున్నవాళ్ళంతా కూర్చుని పరిశీలించి, ఈ ఆట వల్ల ఎవరూ ఎవరినీ కొట్టిన దాఖలా లేదని తేల్చారు. అయినా ఆ చెడ్డపేరు మమ్మల్ని వదల్లేదు. ఆటలో చచ్చేది రాక్షసులేనని మనవి. వారి వైపు నుంచి ఇంతవరకు ఏ ఫిర్యాదూ రాలేదు.

కాబట్టి మీ పిల్లలు చెడిపోతారన్న భయం పెట్టుకోవద్దు.

ఇట్లు విధేయుడు,
ఫిర్యాదుల అధికారి

తా.క.: మీకు పిల్లలు లేకపోతే పై వాక్యం కొట్టివేసి చదువుకోగలరు. అందరికీ ఇదే ఉత్తరం వెళుతుంది.

* * *

ఫిర్యాదుల బాబుకు,

హెడ్ నర్సు ఆశీర్వదించి రాసేది. నేను ఫిర్యాదు చెయ్యలేదు నాయనా. పెట్టెలో ఏముందని అడిగాను. నువ్వు ఊరేగింపుల సంగతి చెప్పావు. మోకాలు నొప్పి అని వస్తే మోచేతికి కట్టు కట్టి పంపినట్టుంది నీ జవాబు.

సరే, నువ్వు చెప్పేదాకా ఆగలేక నేనే ఒక పని చేశాను. సెలైన్ సీసాలు వచ్చిన అట్టపెట్టెకు తెల్లరంగు పూసి, ఎర్రగుర్తు వేసి, వరండా చివర మందుల గది ముందు పెట్టాను. లోపల పాత దుప్పటి తప్ప ఏమీ లేదు. “ఇదిగో, కంపెనీ నుంచి వచ్చింది. తొక్కినవాళ్ళకు తొక్కినంత” అన్నాను. అంతే బాబూ! మంచం దిగనన్నవాళ్ళు గోడ పట్టుకుని, కర్ర పట్టుకుని, ఒకరినొకరు పట్టుకుని బయల్దేరారు.

ఇప్పుడు పెట్టె తొక్కినవాళ్ళు తొక్కినట్టే పోతున్నారు. ముందు కండక్టరు గారు పోయారు. ఆయన వెనకే టైలరు గారు పోయారు. నిన్న పొద్దున లెక్కల మాస్టారు కూడా పోయారు. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, “సిస్టర్, ఇంత హాయిగా పోతాననుకోలేదు” అన్నారు. వాళ్ళమ్మాయి సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

ఇక మిగిలింది కిటికీ పక్క మంచం, ట్రాఫిక్ పోలీసు గారు. కాస్త మొండి. ఆయన్ని కూడా ఈ వారంలో పంపించేస్తాను.

ఇట్లు,
హెడ్ నర్సు

తా.క.: టైలరు గారు పోయాక నాకు జాకెట్లు కుట్టి పంపిస్తానన్నారు. ఇంకా రాలేదు.

* * *

గౌరవనీయులైన నర్సు గారికి,

ఈ ఉత్తరం మూడోసారి మొదలుపెడుతున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించగలరు.

మీ ఉత్తరం మా డైరెక్టరు గారికి చదివి వినిపించాను. “ఆయన్ని కూడా పంపించేస్తాను” అన్నచోట ఆయన కుర్చీలోంచి జారిపోయారు. మా ఆట వల్ల ఎవరికీ ఏమీ కాలేదు అన్న ఒక్క వాక్యం రాస్తూ ఇన్నేళ్ళు బతికాను. ఇప్పుడది రాయబోతే కలం కదలడం లేదు. ముగ్గురు! అందులో ఒకరు లెక్కల మాస్టారు!

ఆ పెట్టెను వెంటనే తీసేయండి. ట్రాఫిక్ పోలీసు గారిని ఏమీ చెయ్యకండి, మీకు దణ్ణం పెడతాను. మీ సూపరింటెండెంటు గారికి విడిగా హెచ్చరిక పంపాం. పోయినవారికి మా సంస్థ తరఫున పూలచక్రాలు మీ వార్డు చిరునామాకే వస్తాయి.

మాస్టారి అమ్మాయి గురించి నేనేమీ అనదలచుకోలేదు.

ఇట్లు శోకతప్తుడు,
ఫిర్యాదుల అధికారి

తా.క.: జాకెట్ల కోసం ఎదురుచూడకండి. మనసు రాయి చేసుకోండి.

* * *

ఓరి నా బాబూ,

పోయారంటే ఇంటికి పోయారురా నాయనా! నడుచుకుంటూ, సంచీ చేత్తో పట్టుకుని మరీ పోయారు!

ముగ్గురూ కాళ్ళు చూపించుకోవడానికి వచ్చిన రోజే నీ పూలచక్రాలు దిగాయి. కండక్టరు గారు తన చక్రం మెళ్ళో వేసుకుని ఫొటో దిగారు. రిబ్బను మీద ‘శాశ్వత విశ్రాంతి’ అని చదివి టైలరు గారు, “డాక్టరు గారు రెండు నెలలే ఇచ్చారు, వీళ్ళెంత మంచివాళ్ళు” అని మురిసిపోయారు. మాస్టారు మాత్రం తన చక్రంలో ఒక పక్క పూలు తక్కువున్నాయని తేల్చి, అలిగి కూర్చున్నారు.

నవ్వి నవ్వి అందరి కుట్లూ ఊడేలా ఉన్నాయి. కానీ బాబూ, నీ హెచ్చరిక చూసి మా సూపరింటెండెంటు గారు హడలిపోయారు. కంప్యూటర్‌ను సామాన్ల గదిలో పెట్టి తాళం వేశారు. పెట్టెను నేను బీరువా వెనక దాచాను. ట్రాఫిక్ పోలీసు గారు అప్పుడప్పుడే అడుగు వేద్దామనుకున్నారు. ఇప్పుడు గోడ వైపు తిరిగి పడుకున్నారు. “రాక్షసులు లేని వరండాలో నేనెందుకమ్మా నడవడం?” అంటారు. అన్నం కూడా సగమే తింటున్నారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే పడుకుంటే ఆయన ఇక లేవరు. ఇది నవ్వులాట కాదు.

ఊరేగింపులు తీసినవాళ్ళ వల్ల కాని పని నువ్వు ఒక్క కాగితంతో చేశావు. నువ్వే వచ్చి సరిదిద్దు.

ఇట్లు,
పెద్దమ్మలాంటి హెడ్ నర్సు

తా.క.: జాకెట్లు వచ్చాయి. ఒకటి మరీ బిగుతు. బతికున్నవాడే కుట్టాడు, అనుమానం లేదు.

* * *

పెద్దమ్మ గారికి,

ఫిర్యాదుల అధికారి నమస్కరించి రాసేది. నాకు అరవై దాటాయి. మిమ్మల్ని అలా పిలవచ్చో లేదో తెలియదు. పిలవాలనిపించింది.

మీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. మా ఆట వల్ల ఎవరికో మేలు జరిగిందని వచ్చిన మొదటి ఉత్తరం ఇదే. ఏ సొరుగులో పెట్టాలో తెలియక జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. గురువారం వస్తున్నాను. అవసరమైతే సూపరింటెండెంటు గారి కాళ్ళు పట్టుకుంటాను.

ఇట్లు,
మీరు బాబూ అన్న అధికారి

తా.క.: నేనెప్పుడూ ఆ ఆట ఆడలేదు. చీకటి సందులంటే నాకు భయం.

* * *

కంపెనీ వారికి,

ఇది సూపరింటెండెంటు గారు పక్కన నిలబడి నా చేత రాయిస్తున్న ఫిర్యాదు. ఈసారి నిజంగా ఫిర్యాదే.

మీ అధికారి గొడుగుతో, బిస్కెట్ల పొట్లంతో దిగారు. అలవాటుగా బాబూ అంటూ ఎదురెళ్ళి, నెరిసిన తల చూసి అన్నయ్య గారూ అన్నాను. ఆయన ఎంత బతిమాలినా సూపరింటెండెంటు గారు తాళం తియ్యనన్నారు. పాపం, ఆయన వరండాలోకి వచ్చి, కిటికీ పక్క మంచం మీద ముడుచుకున్న మనిషిని చూశారు. తర్వాత నా దగ్గరికొచ్చి, “ఆ నాలుగో రాక్షసుడెలా అరుస్తాడు?” అని అడిగారు. “దవడ తొలగినట్టు” అన్నాను.

కోటు తిరగేసి తొడుక్కున్నారు. గొడుగు నెత్తి మీద విప్పారు. అరిచారు. పై అంతస్తులో పంటి వైద్యానికొచ్చినవాళ్ళు కూడా నోళ్ళు మూసేసుకున్నారట.

ట్రాఫిక్ పోలీసు గారు ఇటు తిరిగారు. లేచి కూర్చున్నారు. కాళ్ళు కింద పెట్టారు. దిండు కింద ఈల తీసి ఊది, కర్ర అందుకుని, వరండా పొడుగునా నడిచారు! నేను పెట్టె తెచ్చి దారిలో వేసేలోపే సగం దూరం వచ్చేశారు. మీ అధికారి సంతోషం పట్టలేక, వెనక్కి వెనక్కి నడుస్తూ ఇంకా గట్టిగా అరిచారు. పోలీసు గారు చేరుకుని కర్రతో ఒక్కటిచ్చారు. తుంటి విరిగింది. మీ అధికారిది.

మీ ఆట వల్ల మా వార్డులో హింస జరిగిందని, దీనికి సంస్థ జవాబు చెప్పి తీరాలని సూపరింటెండెంటు గారి ఆజ్ఞ.

ఇట్లు,
హెడ్ నర్సు

తా.క.: ఆ అరుపుకు సూపరింటెండెంటు గారు తాళంచెవి పారేసి పరిగెత్తారు. ఇది ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు రాశాను. పోలీసు గారు నిన్న ఇంటికి వెళ్ళారు. పోయారని రాయడం మానేశాను.

* * *

ఎముకల వార్డు,
కిటికీ పక్క మంచం

గౌరవనీయులైన నర్సు గారికి,

మీ ఫిర్యాదు మా ఆఫీసుకు అందింది. అక్కడ ఫిర్యాదులకు జవాబిచ్చేవాణ్ణి నేనొక్కణ్ణే కనుక దాన్ని నాకే పంపారు. ఈ పొద్దున మాత్రలతో పాటు మీరే తెచ్చి నా చేతిలో పెట్టారు. కవరు మీద మీ రాతే గుర్తుపట్టి మీరు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను.

వెంటనే విచారణ జరిపాను. బాధితుణ్ణి మంచం మీదే ప్రశ్నించాను. కర్ర వచ్చి తనకు తగల్లేదని, కర్ర తన దారిన తాను పోతుంటే తానే తుంటితో వెళ్ళి దానికి తగిలానని ఆయన స్పష్టంగా చెప్పాడు. కనుక ఈ ఆట వల్ల ఎవరూ ఎవరినీ కొట్టిన దాఖలా లేదు. ఫిర్యాదు మూసివేశాం.

ఇక సొంత సంగతి. పోలీసు గారు వెళ్ళేటప్పుడు నా మంచం దగ్గర ఆగి, సెల్యూట్ కొట్టారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎంతోమందికి జవాబులు రాశాను నర్సు గారూ. నా వల్ల లేచి నడిచిన మనిషి ఆయనొక్కరే. ఆ అడుగుల చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది.

ఈ ఉత్తరం మీకే ఇస్తున్నాను. దయచేసి పోస్టులో వేసి, మీకు అందాక చదువుకోగలరు.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క.: రేపు నన్ను మంచం దిగమన్నారు. ఇప్పుడే ప్రయత్నించి చూశాను, ఎదురుగా రాక్షసుడు లేకపోతే కాలు కదిలేలా లేదు. సూపరింటెండెంటు గారికి తీరిక ఉందేమో కాస్త అడిగి చూడండి.