నేను మార్చిన హార్డ్ డిస్కు

గౌలిపుర, హైదరాబాద్

అక్కకు,

శారద నమస్కారం. నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? మందు మానేయొద్దని నా మాటగా చెప్పు. నేను బాగానే ఉన్నాను. ఫోన్ చేయకుండా రాస్తున్నానని కంగారుపడకు. ఈ రెండు గదుల ఇంట్లో ఏం మాట్లాడినా మా ఆయనకు వినపడుతుంది.

తెనాలి వదిలి రెండేళ్లు కావస్తున్నా ఈ ఊరు నాకింకా అలవాటు కాలేదు. గోంగూర దొరుకుతుంది గానీ మన పులుపు లేదు. ఎండకు పై గది పెనంలా కాలిపోతోంది. ఆయన ఆఫీసుకు వెళ్లాక పలకరించేది కిందింటి యాదమ్మ ఒక్కతే. వాళ్లకు పాల వ్యాపారం.

తోచక ఒక పని పట్టుకున్నానని చెప్పాను కదా. వీడియో పాఠాలు విని, ఆ మాటలు తెలుగులో టైపు చేసి పంపాలి. ఆయనకు వాళ్ల ఆఫీసువాళ్లు కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చాక తన పాతది నాకిచ్చి, "చెత్తయిపోయింది, నీకు చాల్లే" అన్నారు. నిజంగానే ఆన్ చేసి, అన్నం వార్చుకొచ్చినా తెరుచుకునేది కాదు. పని మధ్యలో బిగుసుకుపోయేది. ఆలస్యమైందని పనిచ్చినవాళ్లతో మాటలు పడ్డాను. బాగుచేయించమంటే ఆయన నవ్వి ఊరుకున్నారు.

చివరికి, హార్డ్ డిస్కు మారిస్తే వేగం వస్తుందని తెలిసి, నా సంపాదనతో నేనే కొత్తది కొందామని అఫ్జల్‌గంజ్ దాటి ఒక దుకాణానికి వెళ్లాను. దుకాణం అతను డిస్కు ఇస్తూనే, "భాయ్‌సాబ్‌ను తోల్కరా అక్కా. గిది ఆడోళ్లతోని అయ్యే పని కాదు" అన్నాడు. ఒళ్లు మండింది. చిన్న స్క్రూడ్రైవరు, రెండు డిస్కులను కలిపే కేబులు కూడా అడిగి తీసుకుని వచ్చేశాను.

పాత డిస్కులో ఉన్నదంతా కొత్తదానిలోకి ఎక్కేసరికి మధ్యాహ్నం గడిచిపోయింది. తర్వాత ఫోన్లో వీడియో చూస్తూ ల్యాప్‌టాప్ బోర్లించి స్క్రూలు తీశాను. మూత లాగుతుంటే టప్‌మని చప్పుడైంది. విరిచేశాననుకుని ప్రాణం పోయింది. పాలు ఇవ్వడానికి వచ్చిన యాదమ్మ గడపలోనే ఆగిపోయింది. "ఏంది బిడ్డా, గిట్ల పేగులన్నీ బయటేసినవ్? నీ మొగుడు లొల్లి జేయడా?" అంది. ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, పాత డిస్కు లాగి, కొత్తది దాని చోట నొక్కాను. అన్నీ బిగించి ఆన్ చేస్తే, యాదమ్మ ఇంకా నోరు మూయకముందే తెరుచుకుంది! ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం. ఈ ఊళ్లో నేను అంతగా నవ్వింది ఆ రోజే.

కొన్ని వారాలు పని పరుగెత్తింది. ఒక సాయంత్రం ఆయన చూశారు.

"అరె, బాగానే నడుస్తోందే! రఘుకి కాలేజీలో కావాలట. ఆదివారం వచ్చి తీసుకెళ్తాడు."

రఘు ఆయన తమ్ముడు.

"మరి నా పని?"

"ఫోన్లో చేసుకో."

"డిస్కు నేను కొన్నానండీ. నేనే మార్చాను."

"నాలుగు స్క్రూలు తిప్పి ఇంజినీరువైపోయావా? ల్యాప్‌టాప్ నాది."

శనివారం కూర్చుని మూత విప్పాను. నా డిస్కు తీసుకుని, పాతది పాతచోటే పెట్టి బిగించాను.

ఆదివారం రఘు ఆన్ చేసి చూస్తూ కూర్చున్నాడు. "ఇదేంటి వదినా, కదలట్లేదు?" అన్నాడు. ఆయన నా వంక చూశారు.

"మీ అన్నయ్య నాకిచ్చింది ఇదే. నేను కొన్నది నేను తీసుకున్నాను" అన్నాను.

రఘు దాన్ని అలాగే పట్టుకుపోయాడు. అప్పటినుంచి ఆయన నోట నాతో ఉప్పు, నీళ్లు అన్న మాటలు తప్ప లేవు. ఫోన్లో టైపు చేయలేక పని కూడా పోయింది. "మంచిగ జేసినవ్, ఫికర్ జేయకు" అంటుంది యాదమ్మ. మంచో చెడో నాకు తెలియదు. ఒక్కమాట అడిగి ఉంటే నేనే ఇచ్చేదాన్నేమో. దాన్నెలా విప్పావు, ఎలా నేర్చుకున్నావు అని కూడా ఆయన అడగలేదు. అదే ముల్లులా గుచ్చుకుంటోంది.

బావగారి షాపులో పాత ల్యాప్‌టాప్ మూలన పడి ఉందన్నావు. ఎంత నెమ్మదిదైనా ఫర్వాలేదు, నా డిస్కు ఉంది కదా, బస్సు పార్సిల్‌లో వేయించు. ఆయన పేరున వద్దు, నా పేరున పంపు. నాన్నకు మాత్రం శారద హాయిగా ఉందనే చెప్పు.

మీ అత్తయ్యగారికి, మామయ్యగారికి నా దండాలు. పిల్లలకు ముద్దులు. నీ ఆశీర్వాదం కావాలి. అందరూ రాసే మాటగా రాయడం లేదు అక్కా, అడుగుతున్నాను.

నీ చెల్లెలు,
శారద