నర్సిరెడ్డి పడవ స్టీరింగు

ఫిబ్రవరి 4, 2012

పడవ! ట్రాక్టర్లు బాగుచేశాను, వరి కోత మిషన్లు బాగుచేశాను, ఒకసారి చెరుకు రసం బండి కూడా. పడవ మాత్రం ఇదే మొదలు.

మిర్యాలగూడ రైస్ మిల్లు నర్సిరెడ్డి ఫోన్. వైజాగు వైపు ఎక్కడో వేలంలో కొన్నాడట. వెనక పెట్రోలు ఇంజను, ముందు కారుకున్నట్టు చక్రం. పాలకీడు అవతల కృష్ణ రేవులో కట్టేసి ఉంచాడు. శివరాత్రికి జనాన్ని అవతలి ఒడ్డు గుడికి దాటించాలి. ఇప్పుడేమో ఆయిలు కారుతోంది, చక్రం తిప్పినా పడవ తిరగడం లేదు.

"కోదాడల నీకంటె మొనగాడు లేడంట గద యాదగిరీ?"

అలా అంటే ఏమంటాం. "రేపు మధ్యాహ్నానికి అయిపోతది పటేలా" అన్నాను. పడవ చూడకుండానే.

ఫిబ్రవరి 5

చూశాను. చక్రం వెనక చిన్న పంపు, రెండు గొట్టాలు, ఇంజను దగ్గర సిలిండరు. చక్రం తిప్పితే ఆయిలు వెళ్ళి సిలిండరులోని స్టీలు కడ్డీని నెడుతుంది, కడ్డీ ఇంజనును పక్కకు తిప్పుతుంది. మన ట్రాక్టరు లిఫ్టుకు చిన్న తమ్ముడు. కడ్డీ బయటికొచ్చే చోట రబ్బరు సీలు చిరిగింది. అంతే జబ్బు.

సిలిండరు మూత బిగుసుకుపోయి ఉంది. కడ్డీని పైపు పానాతో గట్టిగా పట్టి, మూత విప్పాను. మన చేతికి లొంగనిది లేదు.

పడవ నడిపే అంజయ్య గట్టు మీద కూర్చుని చుట్ట తాగుతూ చూస్తున్నాడు. ఇక్కడే చేపలు పట్టుకుంటూ ముసలివాడైన మనిషి. రోజంతా కలిపి ఒకటే మాట అన్నాడు: "తెడ్డుకు సీలు ఉండది."

కొత్త సీలు వేశాను. చుక్క కారడం లేదు.

ఇంకో సంగతి. పడవ గట్టుకే కట్టి ఉంది, నీళ్ళు మోకాలి లోతు. అయినా నా ఎడమచెయ్యి పడవ అంచును వదల్లేదు. నాకు ఈత రాదు. నలభై మూడేళ్ళుగా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఫిబ్రవరి 7

పరీక్ష. నర్సిరెడ్డి తెల్ల పంచె, తెల్ల చొక్కాతో వచ్చి వెనక ఇంజను పక్కన కూర్చున్నాడు. చక్రం దగ్గర అంజయ్య. నేను మధ్యలో, అంచు పట్టుకుని.

నది నడుమకు వెళ్ళాక చక్రం వదులైంది. ఇంజను ఎడమకు తిరిగి అక్కడే ఉండిపోయింది. పడవ గుండ్రంగా... ఒక చుట్టు, రెండు, మూడు. గుంటూరు వైపు ఒడ్డున స్నానం చేస్తున్నాయన అరిచాడు: "ఏవండోయ్! ప్రదక్షిణాలు గుడి చుట్టూ చేయాలండీ!"

ఐదో చుట్టులో అంజయ్య ఇంజను ఆపేసి, తెడ్డు తీశాడు.

నర్సిరెడ్డి పంచె చూసుకున్నాడు. మోకాలి నుంచి కింద దాకా ఆయిలు. "ఏందయ్యా ఇది? పడవనా, గానుగనా?"

ఫిబ్రవరి 8

రెండో సీలు. ఈసారి ఖాయం.

ఫిబ్రవరి 9

మళ్ళీ కారింది.

ఫిబ్రవరి 11

మూడో సీలు. పలుచటి ఆయిలు వల్లే కారుతోందని తీర్మానించి, చిక్కటి గేరు ఆయిలు పోశాను. కారడం తగ్గింది. చక్రం తిరగడం కూడా తగ్గింది. నేనూ అంజయ్యా చెరోవైపు పట్టుకుని లాగితే ఒక జానెడు తిరిగింది.

"శివరాత్రి రోజు గీ పని ఎవలు జేస్తరు?" అని అడిగాడు అంజయ్య. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

సిలిండరు ఊడదీసి గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చాను. బస్సులో పక్క సీటాయన రెండు స్టాపుల ముందే దిగిపోయాడు.

ఫిబ్రవరి 12

పొద్దున్నే వాకిట్లో సిలిండరు విప్పి కూర్చున్నాను. సీలు మళ్ళీ చిరిగింది — మూడు సీళ్ళూ ఒకేలా, పిల్లి గీకినట్టు.

మా ఆవిడ సరోజ కుట్టుమిషను దగ్గర నుంచి చూస్తోంది. "ఆ జిడ్డు నా బట్టలకు అంటుతది, ఇటియ్యి" అని కడ్డీ లాక్కుని, జాకెట్టు కత్తిరించగా మిగిలిన నైలాన్ ముక్కతో తుడిచింది. ఆగింది. మళ్ళీ తుడిచింది.

"ఇగో, గీడ పోగు పట్టుకుంటుంది. మల్ల గీడ. ముళ్ళకంపకు చీర తట్టుకున్నట్టు."

వెలుతురులోకి పట్టి చూశాను. సన్నటి గాట్లు. వరసగా, సమానమైన ఎడంతో. కడ్డీ లోపలికీ బయటికీ కదిలిన ప్రతిసారీ ఈ గాట్లే సీలును కోస్తున్నాయి. ఆ ఎడం నాకు తెలుసు. లేచి వెళ్ళి పైపు పానా తెచ్చి దాని పళ్ళు ఆనించాను.

సరిగ్గా సరిపోయాయి.

సరోజ గాట్లు చూసింది. పానా చూసింది. నన్ను చూసింది. మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి 13

సూర్యాపేట. రహీం భాయి లేతు షాపు. తప్పలేదు — ఇలాంటి కడ్డీ కొత్తది చేయగలిగింది ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే. నాకు పని నేర్పింది ఆయనే. మాటలు లేక తొమ్మిదేళ్ళు. ఒక ట్రాక్టరు లిఫ్టు పంచాయితీ. పంపు పోయిందని నేను, వాల్వు పోయిందని ఆయన. గిరాకీల ముందు ఆయన్ను చూసి నవ్వి బయటికొచ్చేశాను. (వాల్వే. ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోలేదు.)

కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి కడ్డీ తిప్పి చూశాడు. ఎలా ఉన్నావని లేదు, ఎందుకొచ్చావని లేదు.

"ఏ గాడిద ఏసిండు దీనికి పైపు పానా?"

"ఎవడో, భాయి."

"ఎవడో."

"ఆఁ."

"బట్ట చుట్టకుండ కడ్డీకి పానా పెట్టొద్దని వానికి నేర్పినోడు చెప్పలేదా?"

"చెప్పే ఉంటడు."

టీ తెమ్మని రెండు వేళ్ళు చూపించాడు. రెండు! కొత్త కడ్డీ కోసి, హైదరాబాదులో క్రోమియం పూత వేయించి తెప్పిస్తానన్నాడు. నాలుగు రోజులు. వెళ్ళేటప్పుడు వెనక నుంచి అన్నాడు: "ఆ గాడిదను అడిగినట్టు చెప్పు."

ఫిబ్రవరి 14

నర్సిరెడ్డి ఫోన్. ఆలస్యం దేనికంటాడు. కడ్డీకి గాట్లు పడ్డాయన్నాను. ఎట్ల పడ్డయి? ఎవరో పానా వేసినట్టుంది పటేలా అన్నాను. ఎవరో.

"అంజయ్యనే! నేను లేనప్పుడు కెలికిండు. వానికి మొదటి నుంచి మిషనంటె పడది."

నేను చెప్పవలసింది ఒక్క మాట. చెప్పిందేమో — "హలో... హలో... సిగ్నల్ లేదు పటేలా."

సిగ్నల్ నిండా ఉంది.

ఫిబ్రవరి 15

నర్సిరెడ్డి అంజయ్యను పనిలోంచి తీసేశాడట. ఇక పడవ ఆయన బామ్మర్ది నడుపుతాడట. బామ్మర్దికి కారు బాగా వచ్చట.

ఫిబ్రవరి 16

అన్నం సయించలేదు. కూర బాగాలేదా అంది సరోజ. బాగుందన్నాను. "మరి గా పానా గొంతుల అడ్డం పడ్డదా?"

ఫిబ్రవరి 18

కడ్డీ వచ్చింది. అద్దంలా ఉంది, నా ముఖం కనిపించింది. చూడాలనిపించలేదు.

రేవులో బిగించాను. పాత ఆయిలంతా వంచేసి, గొట్టాలు కడిగి, సరైనది పోశాను. గొట్టాల్లో గాలి ఉంటే చక్రం మెత్తగా ఊగుతుంది. అందుకని చక్రం ఒక వైపు తిప్పడం, గొట్టం మరను వదులు చేయడం, బుడగలు పోయేదాకా చూడడం, మళ్ళీ రెండో వైపు. రెండు గంటలు. చివరికి ఒక్క వేలితో తిరిగింది. కింద పరిచిన కాగితం మీద చుక్క లేదు. ఇంత మంచి పని ఈ మధ్య చేయలేదు.

చూసేవాళ్ళు లేరు. గట్టు మీద అంజయ్య కూర్చునే రాయి ఖాళీ.

ఫిబ్రవరి 20

శివరాత్రి. రేవు నిండా జనం. చక్రం దగ్గర బామ్మర్ది, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని. "నువ్వు గూడ ఎక్కు యాదగిరీ, ధైర్యం ఉంటది" అన్నాడు నర్సిరెడ్డి. ఎవరికి ధైర్యం?

స్టీరింగు పువ్వులా తిరిగింది. అదే కొంప ముంచింది. బామ్మర్ది ఒక చేత్తో చుట్టాలకు టాటా చెబుతూ, రెండో చేత్తో సర్రున తిప్పాడు. పడవ వెళ్ళి నీళ్ళ కిందున్న ఇసుకమేటలో కూర్చుంది. నది మధ్యలో, పన్నెండు మంది ఉపవాసపు ఆడవాళ్ళతో. ఎండ. మంచినీళ్ళు కూడా ముట్టని మనుషులు. ఒక ముసలమ్మ బామ్మర్ది కళ్ళద్దాలు లాగేసింది: "ఉపాసం మాది, సోయి లేంది నీకా?"

నేను రెండు చేతులతో అంచు పట్టుకుని శివుణ్ణి తలుచుకున్నాను. పండగని కాదు.

చిన్న తెడ్డు పడవలో అంజయ్య వచ్చాడు. ఎవరూ పిలవలేదు. నీళ్ళలోకి దిగాడు — ఆయనకు నడుము దాకానే వచ్చాయి! నేను మునిగి చస్తాననుకున్న నీళ్ళు. భుజం ఆనించి పడవను తోసి, ముందు తను దారి చూపిస్తూ గుడి రేవుకు చేర్చాడు.

తిరిగొచ్చాక నర్సిరెడ్డి నా భుజం తట్టాడు. "నీ పనికి వంక లేదు. అంజయ్య అప్పుడు కెలకకుంటె ఇంత పరేషాన్ ఉండకపోను."

అంజయ్య అక్కడే తడిబట్టలు పిండుకుంటున్నాడు. తలెత్తి నన్ను చూశాడు. మళ్ళీ పిండుకున్నాడు.

ఫిబ్రవరి 21

అంజయ్య ఇంటికి వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. కూర్చుకున్నవన్నీ పోయి, "గాట్లు పెట్టింది నేనే" అని మాత్రం వచ్చింది.

"నాకెరుకనే. గట్టు మీదనే కూసున్న గద."

"మరి అప్పుడే చెప్పకపోయినవ్?"

"మిషన్ల సంగతి నీకెరుక. గది గట్లనే ఇప్పుతరేమో అనుకున్న."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "పటేలు తీసేసినప్పుడన్న చెప్పొద్దా?"

వల ముడి పంటితో బిగించాడు. "నువ్వే చెప్తవనుకున్న."

ఫిబ్రవరి 22

నర్సిరెడ్డికి ఫోన్ చేశాను. మూడుసార్లు మోగాక నేనే పెట్టేశాను. సరోజ కత్తెర పక్కన పెట్టి చూస్తోంది. మళ్ళీ చేశాను. ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను — పానా నాది, గాట్లు నావి, మూడు సీళ్ళూ నా వల్లే పోయాయి, అంజయ్య కడ్డీ ముట్టలేదు.

అవతల మిల్లు ఆడుతున్న చప్పుడు.

"యాదగిరీ."

"ఆఁ పటేలా."

"అంజయ్యను ఎంటబెట్టుకొని రేపు మిల్లుకాడికి రా."

కోపమో కాదో గొంతులో తెలియలేదు. వంద ఇంజన్ల చప్పుడు పోల్చగలను. ఇది పోల్చలేకపోయాను.

ఫిబ్రవరి 23

మిర్యాలగూడ. మిల్లు గేటు పక్కన ధాన్యం లారీ నీడలో కూర్చుని రాస్తున్నాను. అంజయ్య ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. "ఏమంటడంటవ్?" అని ఇప్పటికి నాలుగుసార్లు అడిగాడు. లోపల నర్సిరెడ్డి ఎవరినో తిడుతున్నాడు. మమ్మల్ని కాదు. మేమింకా వెళ్ళలేదు.

వాచ్‌మన్ వచ్చాడు. ముందు ఒక్కరినే రమ్మన్నాడట. ఎవరినంటే, అది చెప్పలేదన్నాడు.

అంజయ్య లేవబోయాడు. చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. ఈ పుస్తకం ఆయన చేతికిచ్చి నేనే వెళ్తున్నాను — ఆయనకు చదువు రాదు, పర్వాలేదు...