అమ్మవారి చెంప మీద పగులు

దేవాదాయ శాఖ అధికారివారి సముఖమునకు,
బరంపురం.

హల్దియాపదర్ నివాసి, పప్పుల టోకు వర్తకుడు భీమేశ్వరరావు సమర్పించుకొను అర్జీ.

విషయం: మా పేట మహాలక్ష్మి అమ్మవారి కొయ్య విగ్రహం పగులుట – అర్చకులపై మోపిన నేరం – అసలు బాధ్యుని గురించి.

అయ్యా,

తమరు తెలుగు చదువుతారని తెలిసి ఈ భాషలోనే రాసుకుంటున్నాను. ఒడియాలో అయితే మా గుమాస్తా చేత రాయించాలి. అతనికి ఈ సంగతి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు.

1. సదరు విగ్రహం వేపకొయ్యతో చేసి రంగులు అద్దినది. దానికి నీళ్లు తగలకూడదు. కనుక ఎదురుగా అద్దం పెట్టి, అందులో కనబడే అమ్మవారికి అభిషేకం చేసి, విగ్రహాన్ని పొడిబట్టతో తుడవడం మా గుడి ఆచారం. అర్చకులు సింహాచలం పంతులుగారు ఈ ఆచారం తప్పడం నేనెన్నడూ చూడలేదు.

2. గత వేసవిలో అమ్మవారికి ఉక్కగా ఉంటుందని గర్భగుడిలో ఏసీ పెట్టించాను. దాని కింద దాతగా నా పేరు చెక్కిన పాలరాతి పలక కూడా పెట్టించాను. పలక ఏసీ కన్నా పెద్దది. మా ఆవిడ వాసవీకుమారి ఆనాడే, “ఏసీ ఎట్టించింది అమ్మోరికా, మీ పేరుకా?” అని అడిగింది. నేను కోప్పడ్డాను. పంతులుగారు మాత్రం చల్లగా ఉందని మెచ్చుకున్నారు.

3. రోజంతా నడిపితే కరెంటు దండగని, మా చుట్టాలో తోటి వర్తకులో దర్శనానికి వచ్చినప్పుడే సదరు ఏసీ వేసేవాణ్ణి. రిమోట్ నా జేబులోనే ఉండేది. కాసేపు చలి, కాసేపు ఉక్క. ఇప్పుడు అమ్మవారి ఎడమ చెంప కంటి కింది నుంచి గడ్డం దాకా పగిలింది. రంగు పొలుసులుగా లేస్తోంది. మా పడకగదిలో ఏసీ పెట్టాక కొయ్య బీరువా తలుపు కూడా ఇలాగే నిలువునా చీలింది. అప్పుడు వడ్రంగిని తిట్టాను.

4. ఇక అసలు మనవి. పంతులుగారు విగ్రహం మీద నీళ్లు పోయడం వల్లే పగులు వచ్చిందని మా గుడి కమిటీ తేల్చింది. ఆయనను తీసేయాలని, విగ్రహాన్ని గోపాలపురం సముద్రంలో కలిపి కొత్తది చేయించాలని తీర్మానించింది. “మీరేటంటారు భీమేశ్వరరావు గారూ?” అని అధ్యక్షులు నన్ను అడిగారు. అందరి మాటే నా మాట అన్నాను. పంతులుగారు నా వైపే చూస్తున్నారు.

5. మర్నాడు ఆయన మా కొట్టుకు వచ్చి, “సావుకారు గారూ, నీళ్లు అద్దం మీదే పోసినానని మీకు తెల్దా? మీరో మాట సెప్తే ఆళ్లు ఇంటారు” అన్నారు. చూద్దాం అన్నాను. ఆయన నాకు నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. అయ్యా, ఆ నమస్కారం తలుచుకుంటే అన్నం సయించడం లేదు. గుడి వీధి తప్పించి చుట్టు తిరిగి ఇంటికి పోతున్నాను. నాకు సిగ్గుగా ఉంది.

కావున తమరు దయతో కొయ్య విగ్రహాల మరమ్మతు తెలిసినవారిని పంపి, వారు చూసేవరకు అమ్మవారిని కదల్చకుండా ఉత్తర్వు ఇవ్వవలెనని, పంతులుగారిని కొలువులో ఉంచవలెనని, ఏసీనీ పలకనూ తీయించవలెనని వేడుకుంటున్నాను. ఈ అర్జీని కమిటీ ముందు చదివించినా నాకు అభ్యంతరం లేదు. నా నోటితో చెప్పలేనిది తమ ద్వారా చెప్పుకుంటున్నానని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
భీమేశ్వరరావు

తా.క.: ఏసీ రిమోట్ ఈ కవరులోనే పెట్టి పంపుతున్నాను. వచ్చే వారం మా వియ్యాలవారు అమ్మవారి దర్శనానికి వస్తున్నారు. ఇది నా దగ్గరుంటే పగులు కనబడకుండా పూలదండ వేయించి, ఏసీ వేసి, పలక చూపిస్తాను. నా సంగతి నాకు తెలుసు.