సీసాల షెడ్డు పని, నువ్వు అమ్మబోతున్న మంద

అన్నకు, వదినకు చేతులెత్తి దండం పెట్టి ఓబులమ్మ రాస్తున్నది. ఇక్కడ నేను, మీ బావ, పాప కులాసాగానే ఉన్నాం. చలికి పెదాలు పగిలాయి, అంతకుమించి జబ్బేమీ లేదు, దిగులు పడొద్దు. నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? వదిన దగ్గు తగ్గిందా? చూడి గొర్రెలన్నీ ఈనాయా? ఫోనులో అయితే నువ్వు నన్ను మాట్లాడనిస్తావా? అందుకే ఉత్తరం. వచ్చే సంతలో మందను అమ్మేసి ఇక్కడికే వచ్చేస్తానన్నావు కదా, ఆ మాట మీదే ఇదంతా. వదిన చేత చివరిదాకా చదివించుకో.

"సీసాలు ఏరుకోను అర్ధవీడు నుంచి అంత దూరం పోయినావా, ఏందమ్మా నీ పని?" అని నవ్వావు. నాకూ మొదట్లో నవ్వే వచ్చింది. ఈ కొండ ఊళ్లో కూల్‌డ్రింకు కొంటే దుకాణంవాళ్లు ప్లాస్టిక్ సీసాకు వేరే డబ్బు పట్టుకుంటారు. తాగి, ఖాళీ సీసా మా షెడ్డులో ఇస్తే ఆ డబ్బు మేం తిరిగి చేతిలో పెడతాం. ఊరు చూడటానికి కార్లలో వచ్చినవాళ్లు కూడా ఖాళీ సీసా పట్టుకుని మా ముందు వరుసలో నిలబడతారు. చిల్లర చేతిలో పడగానే ఏం సంబరమో! ఆ తర్వాత మేం మూతలు ఊడదీసి, రంగును బట్టి వేరుచేస్తాం. మిషను వాటిని నొక్కి మూటలు చేస్తుంది. వాటితో కొత్త సీసాలు చేస్తారట, బట్టలు కూడా నేస్తారట. బట్టలంటే నేను నమ్మలేదు. మా సూపర్‌వైజరు మేరీ మేడం తన చలికోటు చూపించి, ఇదీ సీసానే అంది. పట్టి పట్టి చూశాను. మెత్తగానే ఉంది.

ఒక్కటే నాకు అంతుబట్టలేదు. సీసా డబ్బు సీసాకే సరిపోయె, మరి షెడ్డు బాడుగ, కరెంటు, మా జీతాలు ఎవరిస్తారు? అడిగితే మున్సిపాలిటీ అని మేరీ మేడం చెప్పింది. సీసాలు అడ్డంపడి వాగునీళ్లు ఊళ్లోకి వస్తుంటే, ఏటేటా వాటిని తీయించడం కంటే ఇదే నయమని మొదలుపెట్టారట. ఇప్పుడేమో కొందరు కౌన్సిలర్లు, ఈ ఖర్చు మనకెందుకు, కూల్‌డ్రింకులు అమ్ముకునే కంపెనీలే పెట్టుకోవాలి అంటున్నారు. అదీ సబబే అనిపించింది. కానీ కంపెనీలు పెట్టేదాకా మా పొయ్యి ఎట్లా వెలగాలి? అది తేల్చుకోవడానికే పోయిన వారం చైర్మన్ మేడం, కౌన్సిలర్లు షెడ్డు చూడటానికి వచ్చారు.

అప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. గడపకు ఎవరొచ్చినా ముందు నీళ్లిస్తాం కదా మనం. నీళ్లకు, విత్తనాలకు, గొర్రెలకు నట్టల మందు తాగించడానికి, మనింట్లో అన్నిటికీ ఆ సీసాలే కదా. అలవాటు కొద్దీ గుట్టలోంచి మంచి సీసాలు ఏరి, వేడినీళ్లతో కడిగి, నీళ్లు నింపి అందరికీ ఇచ్చాను. చైర్మన్ మేడం మూత తీయబోయి, గుట్టను చూసింది, చేతిలో సీసాను చూసింది, మెల్లగా బల్ల మీద పెట్టేసింది. మేరీ మేడం తల కొట్టుకుంది. "సచ్చినాం పో! ఉన్న పని ఊడగొట్టినావు" అని పక్కన మూటలు మోస్తున్న మీ బావ నా చెవి కొరికాడు.

కౌన్సిలర్లలో తెలుగు వచ్చిన పెద్దాయన ఒకరు మాత్రం తాగారు. "మీ ఊళ్లో ఇట్లే వాడతారా? పాతబడితే ఏం చేస్తారమ్మా?" అని అడిగారు.

"వాగులో పారేస్తాం సార్" అన్నాను. అంతలో మన నల్లమూతి గొర్రె గుర్తొచ్చింది. "మా అన్న గొర్రె ఒకటి కడుపుబ్బి సచ్చిపోయినాది. కోసి చూస్తే లోపలంతా కవర్లు, మూతలు. పాలు తాగే పిల్లను ఇడిసిపెట్టి పోయినాది సార్" అంటుంటే ఏడుపు ఆగలేదు. అంతమంది ముందు ఏడ్చానని ఇప్పటికీ సిగ్గే. ఆయన నీళ్లు పూర్తిగా తాగి, సీసాను తానే గుట్టలో వేసి వెళ్లారు.

నిన్న మీటింగులో తేల్చేశారు. షెడ్డు మూయరు. కానీ డబ్బు వచ్చే వేసవి అయ్యేదాకే ఇస్తారట. ఆలోగా కంపెనీలు ముందుకొస్తే సరి, లేకుంటే తాళమే. మేరీ మేడం మిఠాయి పంచింది. "ఇంకేంది, మీ అన్నను బయల్దేరమను" అని మీ బావ ఒకటే సంబరం. నేనైతే నా మిఠాయి పాపకు పెట్టేసి, ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

రమ్మని పోరింది నేనే, ఆగమంటున్నదీ నేనే. తిట్టుకుంటే తిట్టుకో. నలుగురు చెయ్యెత్తితే ఉండే పని ఇది, దించితే పోయే పని. గొర్రెలు అమ్ముకున్నవాడు మళ్లీ మంద కట్టడం మన వైపు నేను చూడలేదు. ఇక్కడికి రావాలనే ఉంటే, మందను చిన్నాయన కొడుక్కి పాలుకిచ్చి రా. పుట్టే పిల్లల్లో సగం అతనికి, సగం నీకు, తల్లి గొర్రెలు నీవే. నువ్వొస్తే నాకూ ఇక్కడ మన మాట మాట్లాడే మనిషి ఉంటాడు. వచ్చేటప్పుడు వదిన చేతి చింతతొక్కు తీసుకురా, ఇక్కడి కూరలన్నీ చప్పిడి.

చిన్నాయనకు, పెద్దమ్మకు నా దండాలు. పాపను దీవించండి. ఇక్కడ తాళం పడిన రోజు మేం ముగ్గురం దిగేది కూడా నీ గడపలోనే అన్నా, ఆ రోజు నీ వెనక నడవడానికి మంద ఉండాలి. అమ్మొద్దు.

నీ చెల్లెలు
ఓబులమ్మ