నిప్పుకొండ దీవికి ప్రయాణం

జమ్మలమడుగు

అన్నా, ఈ పూటకు అందరం క్షేమమే. ఎలక్షన్ల కక్షలు చల్లారేదాకా ఊళ్లో ఉండొద్దని పార్టీవాళ్లు చెబితే, మీ బావ మమ్మల్ని బాలి దీవికి తీసుకుపోతానంటున్నారు. అక్కడ నిప్పులు కక్కే కొండ ఉందట. నాకు ఆ కొండంటే భయం లేదు, రైలెక్కడానికి పోయే ముద్దనూరు రోడ్డంటేనే భయం. నిన్న ప్రొద్దుటూరులో వీసా ఫొటోలు దిగాం. స్టూడియో అతను "ఏ పొద్దు పోతాండారప్పా?" అనగానే ఈయన నవ్వుతూ రోజు, రైలు అన్నీ చెప్పేశారు. ఈ కార్డు దోవలో పదిమంది చదువుతారు, అందుకే ఆ రోజేదో నేను రాయను. నువ్వే వచ్చి రోజు మార్పించు, నీ మాటైతే వింటారు. వదిన కాలివాపు తగ్గిందా? పిల్లలకు దీవెనలు. నాయన ముందే చెప్పిన రోజున బయల్దేరింది ఒక్కసారే గదన్నా, తిరిగి రాలేదు.

నీ చెల్లెలు శ్యామల