పూడిపోయిన సగం

హాసన్, మంగళవారం

శ్రీవారికి,

ఈసారి నమస్కారాలు లేవు. "ఇక్కడ క్షేమం, అక్కడి క్షేమానికి రాయవలెను" అని కూడా రాయను. నేను క్షేమంగానే ఉన్నాను. కారు నాకంటే క్షేమంగా ఉంది. రాగిపిండి పై అరలో స్టీలు డబ్బాలో ఉంది. ముద్ద కెలకడం రాకపోతే పక్కింటి పార్వతమ్మను అడగండి. ముప్పై నాలుగేళ్ళు తిన్నారు కదా, ఎలా చేస్తావని ఒక్కసారైనా అడిగారా?

ఫోను ఎందుకు ఎత్తవని మన అమ్మాయి నీల చేత మెసేజి పెట్టించారు. ఫోనులో నేను ఒక మాట అనేలోపు మీరు నాలుగంటారు, చివరికి "సరే సరే, పెట్టెయ్" అంటారు. ఉత్తరానికి అడ్డుపడలేరు. అందుకే బస్టాండు దగ్గర కాగితాలు, కవర్లు కొనుక్కున్నాను.

శ్రీరంగపట్నం వంతెన దాటలేవన్నారు. దాటాను. దాటి కిక్కేరి వెళ్ళాను, అక్కణ్ణుంచి శ్రవణబెళగొళ వెళ్ళాను. చెరుకు బళ్ళ వెనక మైళ్ళకు మైళ్ళు పాకాను. పక్కన "క్లచ్చు, క్లచ్చు" అని చెవిలో జోరీగ లేదు కాబట్టి బండి ఒక్కసారి కూడా ఆగిపోలేదు. యాభై ఎనిమిదేళ్ళ ఆడది ఒక్కతే దిగితే మాత్రం అందరికీ ఒకటే ప్రశ్న. కిక్కేరిలో గుడి తలుపు తీసిన ముసలాయన నా వెనక కారులోకి తొంగిచూసి, యజమానులు ఎక్కడమ్మా అన్నాడు. నేనే యజమానిని అన్నాను. ఆయన నవ్వలేదు. తాళం చెవి చేతిలో పెట్టుకుని ఇంకాసేపు మీ కోసం చూశాడు.

ఎందుకు వచ్చానో మీకు తెలుసు. తెలియనట్టు ఉంటారు కాబట్టి రాస్తున్నాను. మీ పుస్తకం రెండో ముద్రణకు వెళ్తోంది. ఆ పుస్తకంలో రాళ్ళ మీది రాతలకు నకళ్ళు అరవై రెండు ఉన్నాయి. అందులో యాభై తీసింది నేను. రాయి కడిగింది నేను, తడి కాగితం పరిచింది నేను, అక్షరం గుంటలోకి కాగితం దిగేదాకా బ్రష్షుతో కొట్టి కొట్టి భుజం పడిపోయింది నాకు. మసి అద్ది, ఆరబెట్టి, చుట్ట చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది నేను. ముందుమాటలో మీరు రాసింది "కుటుంబ సభ్యుల సహకారం మరువలేనిది" అని. మరువలేనిదాని పేరు మాత్రం మరిచిపోయారు. ఈసారైనా వెయ్యండి అంటే, "ఈ వయసులో నీకెందుకే పేరు?" అన్నారు. ప్రొఫెసర్ రుద్రప్పగారికి, అంటే తమరికి, ఏ వయసులో పేరు చాలనిపించిందో నేను వినలేదు.

అది ఒకటి. రెండోది ముత్తిగెరె రాయి. ఆ రోజు నేను తవ్వుదామన్నాను. రాయి అడుగు భాగం మూరెడు భూమిలో ఉంది. అడుగు తవ్వకుండా ఏ రాయినీ చదవకూడదని నాకు నేర్పిందే మీరు. అయినా నాలుగు గంటల బస్సు పోతుందని లేపి తీసుకొచ్చేశారు. పైన కనిపించిన గాజుల చెయ్యి చూసి "సతి రాయి, భర్తతో చితికెక్కిన స్త్రీ గుర్తు" అని రాసేశారు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ మాట నా గొంతులో ముల్లులా ఉంది. మొన్న ప్రూఫుల్లో మళ్ళీ అదే చూసి అడిగితే, "ఉన్నదేదో ఉండనీ" అని ముఖం తిప్పుకున్నారు. ఆ ముఖం చూశాకే కారు తాళాలు తీసుకున్నాను.

రేపు ముత్తిగెరె వెళ్తున్నాను. ఆ అడుగేదో నేనే చూస్తాను.

ఇట్లు,
కుటుంబ సభ్యుల సహకారం


ముత్తిగెరె, బుధవారం

ప్రొఫెసర్‌గారికి,

దారిలో మొసళెలో ఆగాను. జంట గుళ్ళ దగ్గర తాళం చెవి ఉన్న మనిషి మిమ్మల్నే అడిగాడు. మేష్టారు రాలేదా అని. రాలేదు, గుడి చూడ్డానికి నా కళ్ళు నాకున్నాయి అన్నాను. పాపం, అతని మీద విరుచుకుపడాల్సిన పని లేదు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చినట్టయింది.

ఇప్పుడు మీరు కుర్చీలో సరిగ్గా కూర్చుని చదవండి.

ముత్తిగెరెలోకి మలుపు తిరగగానే ఒక నీలం బోర్డు ఉంది. దాని మీద పసుపు అక్షరాలతో మీ పుస్తకంలోని మూడు వాక్యాలు. కింద మీ పేరు, డిగ్రీలతో సహా. రెండేళ్ళ క్రితం ఊరి పెద్ద పటేల్ బోరేగౌడ కొడుకు ఎక్కడో మీ పుస్తకం చదివి రాయించాడట. అప్పటిదాకా ఆ రాయికి ఊళ్ళో పేరు గాజులవ్వ. గుర్తుందా? మనకూ అలాగే చెప్పారు. మీరు నవ్వి, జనం నోటి మాట అని పక్కన పెట్టారు. సతి అయిన పిల్ల అవ్వ ఎలా అయింది అని అప్పుడు మీకూ తోచలేదు, నాకూ తోచలేదు.

ఊళ్ళో ఏ ఆవు ఈనినా మొదటి వెన్న ఆ రాతి అరచేతిలో పెట్టడం వాళ్ళ ఆచారం. పెట్టే హక్కు ఒకే ఇంటి ఆడవాళ్ళది. ఇప్పుడు ఆ ఇంట్లో మిగిలింది పుట్టతాయి ఒక్కతే. ముప్పై అయిదేళ్ళుంటాయి. అత్త పోయింది, నిరుడు మొగుడూ పోయాడు. మొగుడు పోయిన మూడో నెల ఆవు ఈనితే వెన్న తీసుకెళ్ళిందట. పటేల్ ఆపాడు. సతీదేవి అంటే ముత్తైదువుల దేవత, విధవ చెయ్యి తగలకూడదు, బోర్డు మీద చూసుకో అన్నాడట. అప్పట్నుంచి వెన్న పటేల్ ఇంటి కోడళ్ళు పెడుతున్నారు. ఇప్పుడు గుడి కడుతున్నారు, వచ్చే సోమవారం రాతిని అందులో నిలబెడతారు. ఆ రోజుతో హక్కు కూడా వాళ్ళ ఇంటికి రాసినట్టే.

పుట్టతాయి ఏడవలేదు. నాకు కంచంలో రాగిముద్ద, బస్సారు పులుసు పెట్టి ఎదురుగా కూర్చుంది. నేను ఎవరి భార్యనో చెప్పాను. చెప్పడానికి నాకు సిగ్గేసింది.

"మా అత్త విధవగానే పాతికేళ్ళు వెన్న పెట్టింది," అంది. "ఒక్క ఆవు కూడా వట్టిపోలేదు. ఇప్పుడు నా చెయ్యి పనికిరాదని అన్నది రాయా, పుస్తకమా? అది చెప్పండమ్మా చాలు."

ఏం చెప్పను? మీరు చెప్పండి.

తిన్నాక రాయి చూపించింది. పాత సిమెంటు దిమ్మె పగలగొట్టి రాతిని పైకి తీసి, గడ్డి మీద వెల్లకిలా పడుకోబెట్టారు. సోమవారం దాకా అలాగే ఉంటుంది. మనం చూడని అడుగు, మీరు చూడనివ్వని అడుగు, పూర్తిగా బయట ఉంది. మట్టి గట్టిగా పట్టుకుంది. నేను నీళ్ళు పోసి కొబ్బరి పీచుతో రుద్దాను. మీ కారు డిక్కీలో బ్రష్షు, కాగితం చుట్ట, మసి డబ్బా ఎప్పటిలాగే ఉన్నాయి. రిటైరై ఏడేళ్ళయినా వాటిని తియ్యరు. నా చేతికి ఇరవై ఏళ్ళుగా అలవాటు పోయిందనుకున్నాను, పోలేదు.

కాగితం ఆరేసరికి కింద బొమ్మ నల్లగా తేలింది. ఆవు, దూడ. ఆవు పక్కన చేతికర్ర ఆనించుకుని గొంతుక్కూర్చుని పాలు పితుకుతున్న ఆడమనిషి. వంగిన వీపు, జారిన రొమ్ములు, బోసి దవడ. చేతికి మాత్రం పైన ఉన్న గాజులే, అయిదు. దాని కింద మూడు పంక్తుల రాత. అది చదవడం నాకు రాదు. కానీ ముసలితనం చదవడానికి చదువెందుకు? మొగుడితో పాటు చితికెక్కినదైతే ఆమెకు వీపు ఎప్పుడు వంగింది?

పుట్టతాయి ఆ కాగితం మీదికి వంగి, వంగిన వీపు మీద వేలు పెట్టింది. తర్వాత, "మా అత్త కూడా ఇట్లాగే కూర్చునేది," అంది.

బతికి, ముసలిదై, ఊరి ఆవుల్ని సాకిన మనిషిని మీరు పుస్తకంలో తగలబెట్టారు. ఒక బస్సు కోసం. ఆ బూడిద తెచ్చి ఇప్పుడు ఇంకో ఆడదాని నెత్తిన పోశారు. నేను నోరు మూసుకుని ఆ రోజు బస్సెక్కినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను. మిమ్మల్ని తిట్టడానికి కాగితం చాలదు.

పటేల్‌కి కాగితం చూపించాను. అతను మర్యాదగానే మాట్లాడాడు. పుస్తకం రాసింది మేష్టారు, మేష్టారు వచ్చి కాదంటే మేమూ కాదంటాం, మీ మాట మీద బోర్డు తీసేస్తే ఊరు నవ్వుతుందమ్మా అన్నాడు. నా మాటకు మీ ఇంట్లోనూ విలువ లేదు, మీరు రాసిన ఊళ్ళోనూ లేదు.

సర్వమంగళ


ముత్తిగెరె, గురువారం

ఏమండీ,

నిన్నటి ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. పొద్దున్న చింపేద్దామనుకున్నాను. చింపలేదు. నేనేం అన్నానో మీకు తెలియాలి. రెండూ ఒకే కవరులో పెడుతున్నాను. వరస తప్పకుండా చదవండి.

కెంపయ్య గుర్తున్నాడా? ఆ రోజు మనకు పార ఇచ్చిన కుర్రవాడు. ఇప్పుడు తల నెరిసింది, మనవలున్నారు. కూతురి ఊరికి వెళ్ళి ఈ పొద్దున్నే వచ్చాడు. కారు దగ్గర నన్ను చూడగానే గుర్తుపట్టి, పాప ఎలా ఉందమ్మా అని అడిగాడు. ఏ పాప అన్నాను. "అదేనమ్మా, ఆ రోజు ఒళ్ళు కాలిపోతుంటే తీసుకెళ్ళారే," అన్నాడు.

నాకు అప్పటికీ గుర్తు రాలేదు. నిజంగా రాలేదు. నేను దబాయించాను కూడా. మేష్టారు తవ్వనివ్వలేదు కదయ్యా, బస్సు పోతుందని లేపారు కదా అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "అయ్యో, లేదమ్మా. తవ్వుతున్నది మేష్టారే. చొక్కా విప్పేసి పార నా చేతిలోంచి లాక్కున్నారు. మీరు ఆ అరుగు మీద పాపను వేసుకుని కూర్చున్నారు. నీ కూతురు ఈ పిల్లా, ఆ బండా అని గట్టిగా అరిచారు మీరు. ఆయన పార అక్కడే పడేసి, పాపను ఎత్తుకుని రోడ్డుకి పరిగెత్తారు. బస్సు నేనే ఆపాను."

ఏమండీ, ఆ అరుగు ఇంకా ఉంది. నేను వెళ్ళి దాని మీద కూర్చున్నాను. కూర్చోగానే అంతా వచ్చింది. నీల ఒంటి వేడి నా పొట్టకు తగలడం, అది ఏడవడానికి కూడా ఓపిక లేక మూలగడం, నేను అరవడం. హాసన్ ఆసుపత్రిలో మీ గోళ్ళలో మట్టి చూసి డాక్టరు కసురుకోవడం. చేతులు కడుక్కు రమ్మన్నాడు మిమ్మల్ని. ఇవన్నీ ఎక్కడికి పోయాయి ఇన్నేళ్ళు? నా పేరు లేని పుస్తకం చేతికొచ్చిన రోజు మీ మీద పుట్టిన కోపం, దొరికిన ప్రతిదాన్నీ తన వైపుకి లాక్కుంది. చివరికి నా తప్పును కూడా తీసుకెళ్ళి మీ ఖాతాలో వేసింది. రాయి అడుగు చూడకుండా రాశారని మిమ్మల్ని తిడుతూ, నేను చూసింది మాత్రం ఎంతని?

ఇంకో సంగతి కూడా చెప్పాడు కెంపయ్య. నెల తర్వాత మీరు ఒక్కరే మళ్ళీ వచ్చారట. అప్పటికి ఊరివాళ్ళు రాయి చుట్టూ సిమెంటు దిమ్మె కట్టేశారట. పగలగొడతానని మీరు పటేల్ తండ్రిని బతిమాలారట, ఆయన ఒప్పుకోలేదట. దిమ్మె మీద చాలాసేపు కూర్చుని వెళ్ళిపోయారట. నాతో మాత్రం ఆ రోజు బెంగళూరులో మీటింగు అని చెప్పారు.

ఇది చదివి నేను మెత్తబడ్డానని అనుకోకండి. నాకు నిన్నటికంటే ఈ రోజు ఎక్కువ కోపంగా ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు నేను ఏడాదికి రెండుసార్లయినా "ఆ రోజు మీరు తవ్వనివ్వలేదు" అని దెప్పాను. పిల్ల ముందు, మీ శిష్యుల ముందు, మా అన్నయ్య ముందు. ఒక్కసారైనా "అరిచింది నువ్వే" అనలేకపోయారా? నా తప్పు మీరు మోస్తే అది మీ గొప్ప అనుకున్నారా? మీ గొప్ప వల్ల పుట్టతాయి వెన్న పట్టుకుని ఏడాదిగా గడప దగ్గర ఆగిపోయింది. ఆ రోజే మీరు నన్ను కసిరి ఉంటే, ఇద్దరం కలిసి ఇంకోసారి వచ్చేవాళ్ళం, ఆ దిమ్మె పగలగొట్టేవాళ్ళం. పుస్తకంలోనైనా "అడుగు చూడలేదు" అని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. రాస్తే ఎందుకు చూడలేదని ఎవరో అడుగుతారు, నా పేరు చెప్పాల్సొస్తుందని మానేశారు. అవునా కాదా? నా పేరు వెయ్యకపోవడంలో కూడా ఇదొకటి కలిసిందేమోనని ఇప్పుడు అనుమానం. అది నిజమైతే దానికి వేరే పోట్లాడతాను, ఎదురుగా.

ఈ కవరు మైసూరు బస్సు కండక్టరు చేతికి కెంపయ్య ఇస్తాడు. స్టాండుకి వెళ్ళి తెచ్చుకోమని నీల చేత మీకు చెప్పిస్తాను. శనివారం పొద్దున్న ఆరున్నర బస్సెక్కితే హాసన్‌కి పదింటికల్లా వస్తారు. స్టాండు బయట కారులో ఉంటాను. కళ్ళద్దాలు రెండు జతలూ తెచ్చుకోండి, ఆ మూడు పంక్తులు బాగా అరిగాయి. ప్రూఫులు కూడా తెండి. ముందు రాయి చదవండి, తర్వాత బోర్డు ముందు నిలబడి ఊరందరి ఎదుట తప్పని చెప్పండి, తర్వాత ఆ పేజీ కొట్టేసి మళ్ళీ రాయండి. సోమవారం రాయి నిలబడేటప్పుడు మొదటి వెన్న పుట్టతాయి పెట్టాలి. ఆమె ఆవు నిండు చూలుతో ఉంది, మన కోసం ఆగదు.

హాసన్ నుంచి ముత్తిగెరె దాకా నేనే నడుపుతాను. మీరు పక్కన కూర్చోవాలి. క్లచ్చు అన్న మాట వినిపిస్తే దారిలో దింపేస్తాను.

నా పేరు ముందుమాటలో వెయ్యక్కర్లేదు. ముత్తిగెరె పేజీ కింద వెయ్యండి. "నకలు తీసినది: సర్వమంగళ. మొదటిసారి తవ్వనివ్వనిది కూడా ఆమే." ఈ రెండు వాక్యాల్లో ఒక్కటి తగ్గినా ఒప్పుకోను.

మీ
మంగళ